స్కీ అంచుకు పదును పెడుతున్నారా? ముందు ఆకురాయి సంగతి చూడండి.. పళ్లలో ఇరుక్కున్న చిన్న రజనే కొంప ముంచుతుంది!

గుల్మార్గ్, ఔలీ, సోలాంగ్ లోయ.. శీతాకాలం రాగానే ఈ మంచు కొండల బాట పట్టేవారిలో తెలుగువాళ్లూ ఉంటున్నారు. అమెరికాలో డెన్వర్, సియాటిల్ చుట్టుపక్కల స్థిరపడిన కుటుంబాల్లో అయితే పిల్లల్ని వారాంతంలో స్కీయింగ్ క్లాసులకు తీసుకెళ్లడం మామూలే. స్కీలు అద్దెకు తీసుకున్నా, సొంతంగా కొనుక్కున్నా ఎక్కువమంది చూసేది రెండే. పొడవు సరిపోయిందా, బూటు సరిగ్గా పట్టిందా అని. స్కీ అడుగున రెండు పక్కలా ఉండే సన్నటి ఉక్కు అంచు వైపు మాత్రం చూపు పోదు.

కానీ వాలు మీద మలుపు తిప్పేది ఆ అంచే. ఆపేది కూడా అదే. పగటి ఎండకు కరిగిన మంచు రాత్రి చలికి మళ్లీ గడ్డకడితే, తెల్లారేసరికి గాజుపలకలా తయారవుతుంది. అలాంటి చోట అంచు మొద్దుబారి ఉంటే స్కీ మంచును కరిచి పట్టుకోదు, పక్కకు జారిపోతుంది. బ్రేకులు అరిగిన బండితో తిరుమల ఘాట్ దిగడం ఎలా ఉంటుందో ఊహించుకుంటే చాలు.

ఈ అంచుకు పదును పెట్టేది ఆకురాయి. అదేనండీ, ఫైల్. కమ్మరి కొలిమి దగ్గర, వడ్రంగి రంపం పదును పెట్టేటప్పుడు కనిపించే ఆ పరికరమే కొంచెం సన్నటి పళ్లతో స్కీల దగ్గరా పనిచేస్తుంది. ఇంట్లోనే పదును పెట్టుకుందామని ఆకురాయి, దాన్ని కోణంలో నిలబెట్టే గైడ్ కొనుక్కునేవారు ఎక్కడ రుద్దాలి, ఎన్ని డిగ్రీలు పెట్టాలి అన్నది త్వరగానే నేర్చుకుంటారు. తేడా వచ్చేది ఇంకో చోట. ఆకురాయి పళ్ల మధ్య ఇరుక్కున్న ఇనుప రజనును తీయకుండా రుద్దుకుంటూ పోతే, పదును రావాల్సిన అంచు మీద గాట్లు పడతాయి. అలా పోయిన లోహం మళ్లీ రాదు.

రెండు మిల్లీమీటర్ల ఉక్కు

మొదట్లో స్కీలు మొత్తం చెక్కే. గట్టి మంచుకు చెక్క అంచులు అరిగి గుండ్రంగా అయిపోయేవి. 1920ల్లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌కు చెందిన రుడాల్ఫ్ లెట్నర్ చిన్న చిన్న ఉక్కు ముక్కలను స్కీ అంచు పొడవునా స్క్రూలతో బిగించి ఈ సమస్యకు దారి చూపించారు. ఆ తర్వాత ముక్కల స్థానంలో అంచు పొడవునా ఒకే ఉక్కు పట్టీ వచ్చింది. ఇప్పుడు ఆల్పైన్ స్కీలు, అంటే కొండ వాలు మీద కిందికి దూసుకొచ్చేందుకు వాడే స్కీలన్నీ ఇలాంటివే. చదును దారుల్లో నడిచే క్రాస్‌కంట్రీ రేసు స్కీలకు మాత్రం ఈ ఉక్కు ఉండదు.

ఈ పట్టీ వెడల్పు కొత్త స్కీలో సుమారు 2 మిల్లీమీటర్లు. స్కీ జీవితకాలం మొత్తానికి ఉన్న పెట్టుబడి అంతే! ప్రతి రుద్దుకూ కొంత తగ్గుతుంది. అందుకే వృత్తిగా స్కీలు సిద్ధం చేసే టెక్నీషియన్లు ఆకురాయిని చివరి అస్త్రంగా చూస్తారు. రోజువారీ మెరుగుకు సన్నటి డైమండ్ రాయి వాడి, అంచు నిజంగా గుండ్రబడినప్పుడో, కోణం మార్చాల్సి వచ్చినప్పుడో మాత్రమే ఆకురాయి తీస్తారు. సరదాగా స్కీయింగ్ చేసేవారికి సీజన్‌కు ఒకట్రెండుసార్లు ఆకురాయి పడితే సరిపోతుంది.

అంచుకు రెండు ముఖాలుంటాయి. మంచును తాకే అడుగు వైపుది బేస్ ఎడ్జ్. పక్కనున్నది సైడ్ ఎడ్జ్. అడుగు ముఖాన్ని సాధారణంగా అర డిగ్రీ నుంచి 1 డిగ్రీ దాకా పైకి లేపి ఉంచుతారు. లేకపోతే తిన్నగా వెళ్తున్న స్కీ కూడా ఉన్నట్టుండి మంచును పట్టేసి మనిషిని తిప్పి పడేస్తుంది. పక్క ముఖాన్ని 1 నుంచి 3 డిగ్రీలు లోపలికి వాలుగా రుద్దుతారు. గైడ్ల మీద 89, 88, 87 అని ఉండే అంకెలు ఇవే. ఉదాహరణకు అడుగున 1 డిగ్రీ, పక్కన 88 అంటే, రెండు ముఖాలూ కలిసే కొస 89 డిగ్రీలు అవుతుంది. లంబకోణం కంటే ఒక్క డిగ్రీ తక్కువ. ఆ ఒక్క డిగ్రీ తేడా గట్టి మంచు మీద కాలికి స్పష్టంగా తెలుస్తుంది.

2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో భారత్ తరఫున బరిలోకి దిగిన ఒకే ఒక్క క్రీడాకారుడు, కశ్మీర్‌కు చెందిన ఆరిఫ్ ఖాన్ గుర్తున్నారు కదా? ఆయన పోటీపడిన స్లాలమ్, జెయింట్ స్లాలమ్ రెండూ పూర్తిగా అంచుల మీద ఆధారపడిన ఆటలే. జెయింట్ స్లాలమ్‌లో ఆయన 45వ స్థానంలో నిలిచారు. ఆ ఒలింపిక్స్‌లో వాలు మీదున్నది దాదాపు మొత్తం యంత్రాలతో తయారుచేసిన మంచు. అది సహజమైన మంచు కంటే గట్టిగా, దట్టంగా ఉంటుంది. పెద్ద పోటీల్లో అయితే వాలులోకి నీటిని ఎక్కించి మరీ గడ్డకట్టిస్తారు. వెనక వచ్చేవారికి కూడా దారి చెడిపోకుండా ఉండాలని ఈ ఏర్పాటు. అలాంటి చోట మొండి అంచుతో మొదటి గేటు దాటడమే కష్టం.

స్కీ తయారీలో వార్తలకెక్కేది మాత్రం ఎప్పుడూ మైనమే. ఫ్లోరిన్ కలిసిన మైనాలను అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 సీజన్ నుంచి నిషేధించినప్పుడు ఎంత చర్చ జరిగిందో తెలిసిందే. అంచుల గురించి అంత మాట్లాడేవారు తక్కువ. నిజానికి వారాంతపు స్కీయర్‌కు మైనం లేకపోతే వేగం తగ్గుతుంది, అంతే. అంచు లేకపోతే ఒళ్లు తగులుతుంది.

ఆకురాయి ఎందుకు పూడుకుపోతుంది?

ఆకురాయిని దగ్గరగా చూస్తే వందలాది చిన్న ఉలులు వరుసగా ఏటవాలుగా పేర్చినట్టు ఉంటుంది. ప్రతి పన్నూ లోహాన్ని సన్నగా చెక్కుతుంది. చెక్కిన రజను ఆ పన్ను ముందున్న గాడిలోకి పోతుంది. రుద్దు పూర్తయ్యాక అది రాలిపోవాలి. రాలకపోతే? తర్వాతి రుద్దుకు గాడిలో చోటుండదు. రజను గట్టిగా అణిగి, పన్ను కొన కంటే పైకి పొడుచుకొస్తుంది. అప్పుడు అంచును తాకేది పన్ను కాదు, ఆ ముద్ద. అది కోయదు.. గీరుతుంది.

ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చదివినవారికి ఇది కొత్త కాదు. వర్క్‌షాప్‌లో మొదటి నెలల్లో నేర్పేదే ఆకురాయి పని. పళ్లలో రజను ఇరుక్కోవడాన్ని 'పిన్నింగ్' అంటారని, దాన్ని తీయడానికి 'ఫైల్ కార్డ్' అనే తీగల బ్రష్ ఉంటుందని, రుద్దే ముందు సుద్ద పూస్తే రజను తక్కువ అంటుకుంటుందని అక్కడే చెబుతారు. స్కీల దగ్గర పనికొచ్చేది అక్షరాలా ఇదే పాఠం. తేడా ఒక్కటే. వర్క్‌షాప్‌లో గాటు పడితే ఇంకో ఇనుప ముక్క దొరుకుతుంది. ఇక్కడున్నది 2 మిల్లీమీటర్లు!

స్కీల విషయంలో ఆకురాయి పూడుకుపోవడానికి ఉక్కు రజను ఒక్కటే కారణం కాదు. ఉక్కు పట్టీకి సరిగ్గా పైన సైడ్‌వాల్ అనే ప్లాస్టిక్ గోడ ఉంటుంది. పక్క ముఖాన్ని వాలుగా రుద్దేటప్పుడు ఆకురాయి ఆ ప్లాస్టిక్‌ను కూడా తాకుతుంది. మెత్తటి ప్లాస్టిక్ పళ్ల మధ్యకు పోయి జిగురులా పట్టేస్తుంది. నాలుగు రుద్దులకే పళ్లు కనబడవు. ఇక అడుగునున్న మైనం సరేసరి. ముందు రోజు పూసిన మైనం అంచు మీదకు కారి ఉంటే, ఆకురాయి మొదట తినేది దాన్నే.

మరో కారణం చేతి బలం. కొత్త ఆకురాయి కొనగానే గట్టిగా నొక్కి రుద్దాలనిపిస్తుంది. నిజానికి కొత్త పళ్లు చాలా వాడిగా, పెళుసుగా ఉంటాయి. ఎక్కువ నొక్కితే పెద్ద రజను లేస్తుంది, గాడిలో పట్టదు, ఇరుక్కుంటుంది. పైగా పన్ను కొనలు విరిగే ప్రమాదం ఉంది. మొదటి కొన్ని రుద్దులు దాదాపు ఆకురాయి బరువుతోనే నడిపించాలన్నది అనుభవజ్ఞుల మాట.

శుభ్రం చేసే పద్ధతి

ఫైల్ కార్డ్ అంటే పొట్టి, గట్టి ఉక్కు తీగలు ఒత్తుగా ఉండే చదునైన బ్రష్. దీన్ని ఆకురాయి పొడవునా అటూఇటూ తోమడం చాలామంది చేసే తప్పు. అలా తోమితే తీగలు పళ్ల కొనల మీదుగా దూకుతాయి తప్ప గాడిలోకి దిగవు. పళ్లు ఏ ఏటవాలులో ఉన్నాయో చూసి, ఆ గాడి వెంబడే లాగాలి. పొలంలో చాళ్ల వెంట గొర్రు తోలినట్టు. ఒక దిక్కున నాలుగైదు సార్లు లాగితే మామూలు రజను అంతా రాలిపోతుంది.

ఎంత తరచుగా? స్కీ చివరి దాకా వెళ్లాక ఒకసారి అనుకుంటే ఆలస్యమైనట్టే. మూడు నాలుగు రుద్దులకోసారి ఆకురాయిని తిప్పి చూసి, బ్రష్ తగిలించాలి. దీనికి పట్టేది ఐదు సెకన్లు. పనిలో పడ్డవారికి ఈ ఐదు సెకన్లే బరువనిపిస్తాయి. సరిగ్గా అక్కడే గాట్లు పడతాయి.

బ్రష్‌కు లొంగని మొండి ముక్కలుంటాయి. పళ్ల మధ్య మెరుస్తూ చుక్కల్లా కనిపిస్తాయి. వీటిని సూదితోనో, కత్తి మొనతోనో పొడిస్తే పన్ను దెబ్బతినొచ్చు. ఇత్తడి రేకో, రాగి ముక్కో తీసుకుని దాని చివరను గాడి వెంబడి గట్టిగా నెట్టాలి. మెత్తటి లోహం కాబట్టి ఆ చివర పళ్ల అచ్చుకు తగ్గట్టు తానే గాళ్లు పడుతుంది. ఆ తర్వాత అదే దువ్వెనలా ప్రతి గాడిలోకీ దిగి ముక్కను బయటికి నెడుతుంది. ఇత్తడి రేకు లేకపోతే గట్టి చెక్క ముక్క కూడా కొంతవరకు పనిచేస్తుంది.

మైనం, ప్లాస్టిక్ పట్టేస్తే పొడి బ్రష్ సరిపోదు. మైనానికి స్కీ బేస్ తుడిచే క్లీనర్‌ను గుడ్డకు అద్ది పూసి, కాసేపాగి బ్రష్ వేస్తే వస్తుంది. వేడి సబ్బు నీళ్లు కూడా వాడొచ్చు. అయితే వెంటనే తుడిచి, పూర్తిగా ఆరబెట్టాలి. తడి పళ్ల మీద తుప్పు పట్టడానికి ఎక్కువ సమయం అక్కర్లేదు. తుప్పు ముందు తినేది పన్ను కొననే. కొందరు మైనం కరుగుతుందని ఆకురాయిని స్టవ్ మంట మీద పెడతారు. ఇది అస్సలు చేయకూడదు. ఆకురాయికి ఉన్న గట్టిదనమంతా కాల్చి చల్లార్చిన పద్ధతి వల్ల వచ్చినది. మళ్లీ ఎక్కువ వేడి తగిలితే ఆ గట్టిదనం పోతుంది. చూడ్డానికి అలాగే ఉంటుంది, కోయదు. డ్రిల్ మిషన్‌కు గుండ్రటి తీగల బ్రష్ బిగించి తిప్పడం కూడా అంతే. శుభ్రమవుతుంది కానీ పదును పోతుంది.

నూనె సంగతేంటి? కత్తి సానబట్టే అలవాటున్నవారు సానరాయికి నూనె వేసినట్టే దీనికీ వేస్తుంటారు. ఆకురాయికి నూనె పడదు. రజను నూనెకు అతుక్కుని గాడిలోనే ముద్దకడుతుంది. పైగా ఆ నూనె స్కీ అడుగు భాగానికి అంటితే మైనం సరిగ్గా పట్టదు. దుకాణం నుంచి వచ్చిన కొత్త ఆకురాయి మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె పొర ఉంటే, వాడే ముందు దాన్ని కూడా తుడిచేయాలి. నూనె బదులు బ్లాక్‌బోర్డు సుద్ద రుద్దితే చాలు. సుద్ద పొడి గాడి అడుగున చేరి, రజను అక్కడ పట్టు బిగించకుండా అడ్డుపడుతుంది. బ్రష్ వేసినప్పుడు రెండూ కలిసి రాలిపోతాయి. ప్రతిసారీ శుభ్రం చేశాక మళ్లీ కొంచెం సుద్ద పూయాలి.

ఒక జాగ్రత్త. ఆకురాయి మీదున్న రజనును నోటితో ఊదకూడదు. అది నేరుగా కళ్లలోకే వస్తుంది. చేత్తో తుడిస్తే వేలి చర్మంలో గుచ్చుకుంటుంది. దులపాలంటే పిడి వైపు పట్టుకుని చెక్క అంచుకు మెల్లగా తట్టాలి. ఇనుప బల్లకు కొడితే పళ్లు విరుగుతాయి.

రుద్దడానికి ముందు చేయాల్సినవి

ఆకురాయి శుభ్రంగా ఉండాలంటే సగం పని స్కీ దగ్గరే ఉంది. వాలు మీద నుంచి తెచ్చిన స్కీకి మట్టి, రోడ్డు ఉప్పు, పాత మైనం అంటుకుని ఉంటాయి. ముందు వాటిని తుడిచి ఆరనివ్వాలి. మంచు బిళ్లలున్న స్కీ మీద ఆకురాయి పెడితే తడి రజను పేస్టులా తయారవుతుంది.

తర్వాత స్కీని కదలకుండా బిగించాలి. బూటు ఊడినప్పుడు స్కీ జారిపోకుండా కిందికి దిగే రెండు బ్రేకు కాళ్లుంటాయి కదా, వాటిని లావాటి రబ్బరు బ్యాండుతో పైకి లాగి కట్టేయాలి. లేకపోతే గైడ్‌కు అడ్డొస్తాయి. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. పదునెక్కిన స్కీ అంచు చేతిని కోస్తే కత్తి గాటుకు తీసిపోదు.

ఇక అసలు చిక్కు రాయి దెబ్బలు. గుల్మార్గ్ లాంటి సహజ మంచు కొండల్లో సీజన్ మొదట్లో, చివర్లో మంచు పొర పలచబడి రాళ్లు పైకి తేలుతాయి. వేగంగా వెళ్తున్న ఉక్కు అంచు రాయికి తగిలినప్పుడు నిప్పురవ్వలు లేచేంత వేడి పుడుతుంది. చుట్టూ ఉన్న చల్లదనానికి క్షణంలో చల్లారిపోతుంది. కమ్మరి ఎర్రగా కాల్చిన కొడవలిని నీళ్లలో ముంచినట్టే! ఆ చోట ఉక్కు చాలా గట్టిపడుతుంది, ఒక్కోసారి ఆకురాయికి కూడా లొంగదు. అక్కడ ఆకురాయి పెట్టి బలంగా నొక్కితే అరిగేది స్కీ కాదు, ఆకురాయే. జర్రున జారిపోతూ, గాజు మీద మేకు గీసిన చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినగానే ఆపేయాలి. ముతక డైమండ్ రాయిని నీళ్లలోనో, నీళ్లు కలిపిన ఆల్కహాల్‌లోనో తడిపి ఆ గట్టి చోటును మాత్రం రుద్దాలి. ఆ పొర పోయాకే ఆకురాయి వంతు.

సైడ్‌వాల్ ప్లాస్టిక్‌ను కూడా ముందే కొంచెం చెక్కి పక్కకు తప్పించాలి. దీనికి సైడ్‌వాల్ ప్లేనర్ అనే చిన్న చిత్రిక పరికరం ఉంటుంది. వంపు తిరిగిన పెద్ద పళ్లుండే ముతక ఆకురాయి కూడా దొరుకుతుంది. ప్లాస్టిక్ ముక్కలు పెద్దగా లేచి రాలిపోతాయి కాబట్టి అది పూడుకుపోదు. ఉక్కుకు వాడే సన్నపళ్ల ఆకురాయితో ప్లాస్టిక్ తీయాలని చూడటం మాత్రం దండగ.

ఎటు రుద్దాలి, ఎంత రుద్దాలి

ఆకురాయి ఒక దిక్కునే కోస్తుంది. పిడి బిగించే సన్నటి తోక వెనక ఉండి, రెండో కొస ముందుకు నడిచినప్పుడే పళ్లు లోహాన్ని పట్టుకుంటాయి. గైడ్‌లో బిగించి తన వైపు లాక్కునేవారు ఆకురాయి తోకను తనకు దూరంగా ఉండేలా పెట్టుకోవాలి. వెనక్కి వచ్చేటప్పుడు ఎత్తి తేవాలి తప్ప అంచు మీద ఈడ్చుకురాకూడదు. వెనక్కి ఈడిస్తే కోత ఉండదు సరికదా పళ్ల కొనలు మొద్దుబారతాయి.

నిజంగా అంచు మొత్తం తాకుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన మార్గం ఉంది. పర్మనెంట్ మార్కర్‌తో అంచు పక్క ముఖం మీద రంగు పూసి, ఒక్కసారి తేలిగ్గా రుద్ది చూడాలి. రంగు మొత్తం పోతే కోణం సరిపోయినట్టు. పైభాగమో, కింది భాగమో మిగిలితే గైడ్ కోణానికీ స్కీ కోణానికీ తేడా ఉన్నట్టు. అద్దె స్కీలకు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాటికి ఇది తప్పకుండా చేయాలి. వాటికి అంతకు ముందు ఎవరు ఏ కోణం పెట్టారో తెలియదు మరి.

రుద్దు పొడవుగా, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా, ముందు కొస నుంచి వెనక కొస దాకా సాగాలి. శుభ్రమైన ఆకురాయి సన్నగా, ఒకే శ్రుతిలో మోగుతుంది. మధ్యలో ఎక్కడైనా కరకర వినిపించినా, చేతికి చిన్న రాయి తగిలినట్టనిపించినా రజను ఇరుక్కుందనే అర్థం. ఇంకొక్క రుద్దు పూర్తి చేసి చూద్దాం అనుకోకూడదు. ఆ ఒక్క రుద్దుకే అడుగు పొడవునా గీత పడొచ్చు. ఆ గీతను పోగొట్టాలంటే చుట్టూ ఉన్న మంచి ఉక్కునంతా దాని లోతు దాకా అరగదీయాలి.

పక్క ముఖంతో పోలిస్తే అడుగు ముఖం ఇంకా సున్నితం. పక్కన కోణం తప్పితే మళ్లీ రుద్ది సరిచేయొచ్చు. అడుగున అర డిగ్రీ బదులు ఒకటిన్నర అయిపోతే వెనక్కి తేవడానికి ఇంట్లో దారి లేదు. స్కీ అడుగు మొత్తాన్ని దుకాణంలో మిషన్ మీద చెక్కించాల్సిందే. దాంతో ప్లాస్టిక్ బేస్ కూడా పలచబడుతుంది. అందుకే ఇంట్లో పదును పెట్టుకునేవారు పక్క ముఖానికే పరిమితమై, అడుగు ముఖాన్ని సన్నటి రాయితో మెరుగుపెట్టి వదిలేయడం మేలు.

గైడ్ కింద దూరిన రజను

దీని గురించి చెప్పేవారు తక్కువ. 60 మిల్లీమీటర్ల దూరంలో 1 డిగ్రీ వాలు అంటే ఎత్తు తేడా దాదాపు 1 మిల్లీమీటరు. అలాంటి గైడ్ ఒక చివర కింద పావు మిల్లీమీటరు రజను రేణువు దూరితే కోణం దాదాపు పావు డిగ్రీ మారిపోతుంది. అర డిగ్రీ కోసం కష్టపడుతున్న చోట పావు డిగ్రీ తప్పు! పైగా ఆ రేణువు గైడ్‌తో పాటు జరుగుతూ మెత్తటి బేస్ మీద పొడవాటి గీత గీసుకుంటూ పోతుంది. కాబట్టి ఆకురాయిని బ్రష్ చేసిన ప్రతిసారీ గైడ్ ముఖాన్నీ, స్కీ అడుగునూ పొడి గుడ్డతో తుడవాలి. అంచుకు ఆనుకుని బేస్ మీద మాస్కింగ్ టేపు వేసుకునేవారూ ఉన్నారు. పనయ్యాక టేపు లాగితే రజనంతా దాంతోనే వచ్చేస్తుంది. బేస్‌లో గుచ్చుకుని మిగిలిన రజను మీద మైనం పూస్తే, అది లోపలే తుప్పు పట్టి చుక్కలు తేలుతుంది.

ఒకే చోట బిగించి ఉంచితే ఆకురాయిలో ఆ రెండు అంగుళాలే అరిగిపోతాయి, మిగతాది కొత్తగానే ఉంటుంది. అప్పుడప్పుడు గైడ్‌లో ఆకురాయిని ముందుకో వెనక్కో జరిపి బిగిస్తే దాని ఆయుష్షు పెరుగుతుంది.

రుద్దడం పూర్తయ్యాక అంచు కొస మీద కంటికి కనిపించనంత సన్నటి లోహపు పొర మడతపడి ఉంటుంది. దాన్నే బర్ అంటారు. వేలికి పదునుగా తగులుతుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. మొదటి రెండు మలుపుల్లోనే అది విరిగిపోయి అంచు మళ్లీ మొండిగా అనిపిస్తుంది. అందుకే ఆకురాయి తర్వాత మధ్యరకం, ఆపై సన్నటి డైమండ్ రాళ్లతో అదే గైడ్‌లో నాలుగైదు సార్లు లాగి, చివర్లో రబ్బరులా ఉండే గమ్మీ రాయిని తేలిగ్గా తగిలించాలి. గమ్మీ రాయిని గట్టిగా నొక్కితే ఇంత కష్టపడి తెచ్చిన పదును గుండ్రబడుతుంది. పదును వచ్చిందో లేదో చూడటానికి గోటి వెనక భాగాన్ని అంచుకు అడ్డంగా మెల్లగా లాగి చూస్తారు. గోరు నుంచి సన్నటి పొడి లేస్తే సరిపోయినట్టు. అంచు పొడవునా నాలుగైదు చోట్ల చూడాలి. వేలిని పొడవునా జరపకూడదు.

అద్దె స్కీలు తీసుకునేవారు ఈ గోటి పరీక్షను దుకాణంలోనే చేసుకోవచ్చు. ముఖ్యంగా బూటుకు కిందుగా ఉండే భాగం చూడాలి, గట్టి మంచు మీద ఎక్కువ బరువు పడేది అక్కడే. నారింజ రంగు తుప్పు, వేలికి గరుకుగా తగిలే రాతి గాట్లు ఉంటే మరో జత అడగాలి. మొదటిసారి నేర్చుకునేవారికి రేసు స్కీల్లాంటి పదును అవసరం లేదు. అంచు కొంచెం మెత్తగా ఉన్నా పర్వాలేదు కానీ, రెండు స్కీలూ ఒకేలా ఉండాలి. ఒకటి పట్టి మరొకటి జారితే మోకాలి మీద పడుతుంది.

దాచేటప్పుడు..

పనయ్యాక ఆకురాళ్లను టూల్ బాక్సులో ఒకదాని మీద ఒకటి పడేయడం మామూలుగా జరిగేదే. గట్టి ఉక్కు పళ్లు గట్టి ఉక్కు పళ్లకు తగిలితే రెండూ విరుగుతాయి. ఒక్కోదాన్ని గుడ్డలోనో, కాగితంలోనో చుట్టి విడిగా పెట్టాలి. చుట్టే ముందు మరోసారి బ్రష్, మరోసారి సుద్ద. తడి గ్లవ్స్, తడి గుడ్డలు ఉన్న సంచిలో వీటిని పెట్టకూడదు. చలి నుంచి వెచ్చటి గదిలోకి తెచ్చినప్పుడు లోహం మీద చెమ్మ పడుతుంది, అదీ తుడవాలి. స్కీలకూ ఇదే వర్తిస్తుంది. కారు పైకప్పు మీద కట్టి ఉప్పు చల్లిన రోడ్డు మీద తెచ్చినరోజు అంచులు తుడవకుండా సంచిలో పెట్టి జిప్ వేస్తే మర్నాటికే తుప్పు కనిపిస్తుంది. సీజన్ అయిపోయాక అయితే అంచులు మునిగేలా మందంగా మైనం పూసి, గీరకుండా అలాగే వదిలేస్తారు. మళ్లీ శీతాకాలం దాకా ఆ పొరే కాపలా.

శుభ్రంగా ఉన్న ఆకురాయి కూడా మామూలు ఉక్కు మీద, రాయి దెబ్బ లేని చోట జారిపోతుంటే దాని పని అయిపోయినట్టే. వెలుతురులో అటూఇటూ తిప్పి చూస్తే తెలిసిపోతుంది. పన్ను కొనలు తెల్లగా మెరుస్తుంటాయి. వాడిగా ఉన్న కొన అలా మెరవదు. ఇక దాంతో నొక్కి నొక్కి రుద్దడం మానేసి కొత్తది తీసుకోవడమే. మంచి ఆకురాయి ఖరీదు స్కీ జత ధరలో చాలా చిన్న భాగం.